కుడికంటి నాలుకమీను: టీకా తాత్పర్యం

అవతారిక. నిజాంసాగర్ కాలువ కింద వరిచేలు తప్ప వేరే సముద్రం లేని వర్ని మండలంలో, ఒక క్యాంపులో కాపురముంటున్న మా మామ అరవయ్యో పడిలో కవి అయ్యాడు. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయ్యాక కోస్తా నుంచి తరలివచ్చిన రైతుల ఇంటివాడాయన. మొన్న సంక్రాంతికి చుట్టాలింటికని బందరు వెళ్లి, గిలకలదిండిలో పడవెక్కి, వలలోంచి ఒక నాలుకచేపను ఏరుకున్నాడు. దాన్ని థర్మకోల్ పెట్టెలో ఐసు నింపి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. ఆ చేప రూపం గోడకెక్కాలని చెప్పినదే ఈ ఆటవెలది.

మూలం.

కన్ను కుడికి వచ్చె కాంచుడీ చేపకు
నాల్క వంటి మేను నడుమ గీత
అచ్చు పోయునట్టి యయ్యలారీయరే
గోడ కెత్త దగిన కూర్మి బొమ్మ

టీక. కన్ను = నేత్రము. చేపకు కళ్ళు రెండు కదా, ఏకవచనమేమి? గణం కోసమని తొందరపడి అనరాదు. నాలుకచేప పిల్లగా ఉన్నప్పుడు అన్ని చేపల్లాగే పక్కకొక కన్నుతో నిటారుగా ఈదుతుంది. కొన్నాళ్ళకు ఒక కన్ను నెత్తి మీదుగా జరిగి రెండో దాని పక్కకు చేరుతుంది. అప్పటినుంచి చేప ఆ పక్కను పైకి పెట్టి ఇసుక మీద పడుకుంటుంది. జరిగింది ఒక్క కన్నే, రెండోది పుట్టిన చోటే ఉంది. కాబట్టి ఏకవచనమే సాధువు. వచ్చె అని భూతకాలం వాడటమూ అందుకే. వలలో పడేనాటికి ఆ ప్రయాణం ఎప్పుడో ముగిసింది.

కుడికి = కుడివైపునకు. పద్యానికి ప్రాణం ఈ పదమే. కళ్ళున్న పక్క పైకి పెట్టి, పొట్ట మన వైపు ఉండేలా చేపను బల్లమీద పరిస్తే, నాలుకచేప తల ఎడమకు ఉంటుంది. ఆ కుటుంబం మొత్తం ఎడమకంటిదే. మామ చేప తల కుడికి ఉంది.

పూర్వపక్షం: బల్లపరుపు చేపల్లో ఇదేం వింత? ఉన్నమాటే. మన తీరంలో దొరికే పళ్ళచేప ఒకటుంది, శాస్త్రనామం సెట్టోడెస్ ఎరుమీ. అందులో కుడికంటివీ ఎడమకంటివీ దాదాపు సమానం. చుక్కల ఫ్లౌండర్ అనే మరో రకం జపాన్ దగ్గర దాదాపు అన్నీ ఎడమకంటివే, అదే చేప అమెరికా పడమటి తీరంలో రెండు రకాలుగానూ దొరుకుతుంది. సమాధానం: అవి వేరే ఇంటివాళ్ళు. నాలుకచేప ఇంట్లో కుడికన్ను పుట్టడం అరుదు. మామ వ్యాకరణంలో ఎలా ఉన్నా చేపల్లో గట్టివాడు.

నాల్క వంటి మేను = ఉపమాలంకారం. కవి కల్పన అనుకునేరు, కాదు. పైన చెప్పిన ఎరుమీ అన్న పేరుకు మూలం తమిళంలో గేదె నాలుక. మనవాళ్ళ మాట కూడా పుస్తకమెక్కింది. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు 1780లలో విశాఖపట్నంలో ఉండి, రేవుకు వచ్చిన చేపల్ని స్థానిక చిత్రకారుడితో బొమ్మలు వేయించి, జాలర్లు చెప్పిన పేర్లు చెప్పినట్టే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. ఆ 200 చేపల పుస్తకం 1803లో లండన్‌లో అచ్చయింది. అందులో ఈ బల్లపరుపు జాతికి 'నోరీ నాలక', 'జెర్రీ పోటూ' అన్న తెలుగు పేర్లున్నాయి. రక్తపింజరికి ఇంగ్లీషులో పేరు పెట్టింది కూడా ఈ రస్సెల్ పేరుమీదే. పాముల మీద రాసినవాడి చేతికే మన నాలుక చిక్కడం టీకాకారునికి ముచ్చటగా ఉంది.

నడుమ గీత = పార్శ్వరేఖ. ఇక్కడ దోషముంది. ఈ జాతికి కళ్ళున్న పక్కన సాధారణంగా రెండో మూడో గీతలుంటాయి. కవి ఒకటే ఇచ్చాడు. పాదంలో చోటు చాలలేదని ఆయన వాదన. ఒప్పుకోను.

అచ్చు పోయునట్టి అయ్యలార = సంబోధన. నిజం చేపను తోలు తీసి కూరితే నూనె కారుతుంది, రెక్కలు ఎండి విరుగుతాయి. అందుకని విదేశాల్లో ఫైబర్‌గ్లాస్ అచ్చులో పోసి, ఫొటో చూసి రంగు కొడతారు. చేపే అక్కర్లేదు, కొలతలుంటే చాలు. అయితే అచ్చులు మామూలు చేపలకే ఉంటాయి. ఎడమకంటి అచ్చును ఎటు తిప్పినా కుడికన్ను రాదు, ఎడమకాలి చెప్పును తిరగేస్తే కుడికాలికి పట్టనట్టే. మామ ముందు పట్నంలో విగ్రహాలు చేసే ఒకచోట ఫొటో, కొలతలు ఇచ్చి వచ్చాడు. నెల తర్వాత పెట్టె విప్పితే నున్నగా మెరిసే చేప, పక్కకొక కన్ను! "ఫొటోలో తప్పుంటే సరిచేసినం సార్" అన్నారట. పద్యం కన్నుతోనే ఎందుకు ఎత్తుకున్నాడో ఇప్పుడు బోధపడి ఉంటుంది.

ఈయరే = ఇవ్వరా? బయానా పోయినవాడి గొంతు.

కూర్మి బొమ్మ = ప్రీతిపాత్రమైన ప్రతిమ. 'కూర బొమ్మ' అని పాఠాంతరం, ఇది మా అత్త చెప్పేది. ఛందస్సుకు రెండూ సరిపోతాయి, చరిత్రకు మాత్రం అత్త పాఠమే సరి. ఫొటోలు తీయడం అవగానే ఆవిడ చేప తోలు ఒలిచి, చింతపండు పులుసు పెట్టేసింది. కొర్రమీను రాష్ట్ర చేప అయిన చోట సముద్రపు చేప పులుసేమిటని పక్కింటివాళ్ళు అడిగారట, గిన్నెతో పంపేసరికి మాట్లాడలేదు. పులుసుకు ముందే మామ ఒక మంచిపని చేశాడు. చేపను ఒక అట్టమీద పరిచి, చుట్టూ పెన్సిల్ గీశాడు. కొర్రమీనుకైతే ఆ గీత ఎందుకూ పనికిరాదు, చుట్టుకొలత కావాలి. బల్లపరుపు చేపకు గీతే ముప్పాతిక రూపం. జపాన్‌వాళ్ళు చేపకు సిరా పూసి కాగితం అద్ది తీసే గ్యోతకు కూడా ఇలాంటి చేపమీదే బాగా కుదురుతుంది.

తాత్పర్యం. ఓ అచ్చుపోతల వారలారా, ఈ చేప కుడికంటిది, ఇలాగే చేసి ఇవ్వండి.

ఫలశ్రుతి. అచ్చువాళ్ళు ఇవ్వలేదు. ఆ అట్టముక్క పట్టుకుని మామ నిర్మల్ వెళ్ళాడు. అక్కడి నకాషీలు తేలికైన పొనికి చెక్కను చెక్కి, చింతగింజల జిగురూ రంపపుపొట్టూ కలిపిన ముద్దతో అతుకులు పూడ్చి, రంగులద్ది, నిజమనిపించే పళ్ళూ కూరగాయలూ పిట్టలూ చేస్తారు. 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చిన పని అది. చెక్కేవాడికి అచ్చుతో పనిలేదు, కన్ను ఎటంటే అటు. ఆ పెద్దమనిషి అట్టను రెండుసార్లు తిప్పి చూసి, "గిట్లనే పుట్టిందా సార్?" అని అడిగి, అవునన్నాక ఉలి తీసుకున్నాడట.

చేప ఇప్పుడు క్యాంపు ఇంట్లో, ధాన్యం బస్తాల పైన గోడకుంది. గీతలు మూడు, నేను పట్టుబట్టి వేయించినవి. తల కుడికి ఉంటుంది. వర్ని వచ్చినవాళ్ళు చూడవచ్చు, తలకిందులుగా తగిలించారనుకుని దయచేసి సరిచేయకండి.