తార్నాక గుడ్లు

తార్నాక చౌరస్తా దాటి ఉస్మానియా క్యాంపస్‌లో అడుగుపెట్టిన శిలాజాల వేటగాడికి గుండ్రటి బండ కనిపిస్తే అది డైనోసార్ గుడ్డే. బండ మీద పగులుంటే పిల్ల బయటికొచ్చిన దారి, నల్లటి చారుంటే రాయిగా మారిన చెట్టువేరు. ఈ లెక్కన క్యాంపస్ మొత్తం ఒక పురాతన కోళ్లఫారం. చిక్కల్లా ఒక్కటే. ఇక్కడి గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. డైనోసార్ల వయసు ఎంత సాగదీసినా 25 కోట్ల ఏళ్లు దాటదు. అంటే తల్లి పుట్టడానికి 225 కోట్ల ఏళ్ల ముందే గుడ్డు సిద్ధమైందన్నమాట. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నవాడు ఇంత దూరం ఆలోచించి ఉండడు. పైగా గ్రానైట్ భూమి లోతుల్లో కరిగిన రాయి చల్లారి గట్టిపడింది; ఆ కొలిమిలో ఎముకలు మిగలవు. బండలు గుండ్రంగా ఉండడానికి కారణం, పగుళ్లలోకి నీళ్లు దిగి మూలలు ముందుగా అరిగి, ఉల్లిపొరల్లా పెచ్చులు ఊడిపోవడం. అనుమానముంటే తీర్చడానికి క్యాంపస్‌లోనే భూగర్భశాస్త్ర విభాగం ఉంది, హబ్సిగూడ వైపు నాలుగడుగులేస్తే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఉంది. కానీ అడిగితే గుడ్డు కాస్తా రాయైపోతుంది. అందుకే అడగరు.

గ్రానైట్ జోలికి వెళ్లినంతసేపూ వేటగాడి వల్ల నష్టం లేదు. బండకు దెబ్బ తగలదు, సుత్తికే తగులుతుంది. అతను బండి కట్టుకుని నిజంగా శిలాజాలున్న ప్రాణహిత-గోదావరి లోయకు బయల్దేరినప్పుడే గుండె దడదడలాడాలి. యామన్‌పల్లి దగ్గర జియలాజికల్ సర్వే వాళ్లు తవ్వి తీసిన జురాసిక్ కాలపు ఎముకల ముక్కలు 840. కనీసం పన్నెండు జంతువులవి, కలగాపులగంగా పడి ఉన్నవి. ఆ డైనోసార్‌కే 1988లో యాదగిరి అనే శాస్త్రవేత్త కోటాసారస్ అని పేరు పెట్టారు. ఆ ఎముకలను పేర్చి నిలబెట్టిన అస్థిపంజరాన్ని హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ మ్యూజియంలో చూడొచ్చు. పుర్రె మాత్రం దొరకలేదు. ఇప్పుడు ఆ లోయకు ముందుగా మన ఔత్సాహికులే చేరి, తలా ఒక ముక్క సంచిలో వేసుకుని వచ్చారనుకోండి. కోటాసారస్ ఉండేది కాదు. 840 షోకేసుల్లో 840 ‘ఒరిజినల్ డైనోసార్ ఎముక’లు ఉండేవి, వాటి పక్కన పెళ్లి ఫొటోలు, క్రికెట్ కప్పులు. ఎక్కడ దొరికిందని అడిగితే ‘అటువైపే’ అని చేయి ఊపుతారు. ఏ ఊరి పొలిమేరలో, ఏ పొరలో, దేని పక్కన పడి ఉందో తెలియని ఎముక చిరునామా లేని ఉత్తరంలాంటిది. చేతిలో ఉంటుంది, ఎవరికీ చేరదు.

చదువుకున్న పండితులే అన్నీ కనిపెట్టారా, ఇంగ్లండ్‌లో మేరీ ఆనింగ్ సంగతేమిటని అంటారు. మంచి ప్రశ్న. వడ్రంగి కూతురు, బడి చదువు అంతంతమాత్రం, శిలాజాలు అమ్ముకునే బతికింది. కానీ 1823లో ప్లీసియోసార్ అనే సముద్రపు సరీసృపం శిలాజం దొరికినప్పుడు దాన్ని శ్రద్ధగా బయటికి తీసి, బొమ్మ గీసి, వివరం రాసింది. మనవాళ్లు ఆమె దగ్గర సుత్తి ఒక్కటే అరువు తెచ్చుకున్నారు. డిగ్రీ ఉంటే నిజాయితీ వస్తుందనీ నేననడం లేదు. హిమాలయాల్లో దొరికాయంటూ పంజాబ్ విశ్వవిద్యాలయపు ప్రొఫెసర్ వి.జె. గుప్తా ప్రకటించిన శిలాజాలు మొరాకో సరుకును పోలి ఉన్నాయని ఆస్ట్రేలియా శాస్త్రవేత్త జాన్ టాలెంట్ 1989లో బయటపెట్టాడు. గుట్టు రట్టయింది రాయి వల్ల కాదు, దాని అబద్ధపు చిరునామా వల్ల. షోకేసు యజమాని ఈ విషయంలో అదృష్టవంతుడు: చిరునామాయే చెప్పడు కాబట్టి దొరికిపోడు.

ఇక చట్టమెక్కడుందన్న వాదన. 2022లో భూవారసత్వ స్థలాల మీద కేంద్రం ముసాయిదా బిల్లు తెచ్చింది. అది అక్కరకొచ్చేదాకా దొరికింది దొరికినవాడిదేనట. పిల్లల్లో సైన్సు మీద ఆసక్తి పెరుగుతుందని ఇంకొకరు. పెరగనివ్వండి. వాళ్లకు వికారాబాద్ దగ్గరి నస్కల్ చూపించండి. 1988లో మన దేశంలో దొరికిన తొలి క్రెటేషియస్ కాలపు క్షీరదం, డెక్కనోలెస్టిస్, అక్కడి నుంచే లోకానికి తెలిసింది. ఎలుకలాంటి ప్రాణి, చేతికొచ్చినవి ఒకటి రెండు మిల్లీమీటర్ల పళ్లు. మట్టిని నానబెట్టి, జల్లెడ పట్టి, మైక్రోస్కోపు కింద ఏరాలి. అలాంటి పన్నును షోకేసులో పెడితే చుట్టాలకు కనిపించదు, సెల్ఫీలో పడదు. నస్కల్ మట్టి ఇంకా బతికి ఉందంటే అందుకేనేమో.