ఎత్తు నుంచి చూస్తే అంతా పచ్చనే

సుస్థిర అభివృద్ధి కంటబడాలంటే బాగా ఎత్తెక్కి చూడాలి. నీతి ఆయోగ్ అలాగే చూసి, 2020-21 సూచీలో ఆంధ్రప్రదేశ్‌కు నూటికి 72 మార్కులు వేసింది. ‘ఫ్రంట్ రన్నర్’ అని బిరుదూ ఇచ్చింది. ఐక్యరాజ్యసమితి 2015లో పెట్టుకున్న 17 లక్ష్యాల్లో ఆరోది మంచినీళ్లు. మార్కులు రాష్ట్రం మొత్తానికి కదా, పల్నాడులోని వెల్దుర్తి, బొల్లాపల్లి మండలాలకూ వాటా పడే ఉంటుంది. ఆ మార్కులు తాగడానికే పనికిరావు.

ఒక మెట్టు దిగితే పల్నాడు జిల్లా. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడింది. ఇక్కణ్ణుంచి చూసినా లోటేమీ ఆనదు. నాగార్జునసాగర్ ఆనకట్ట మాచర్ల వాకిట్లోనే ఉంది. 1967లో ఇందిరాగాంధీ నీళ్లు వదిలిన నాటి నుంచి కుడి కాలువ పారుతోంది. దాని కింద పదకొండు లక్షల ఎకరాల పైచిలుకు ఆయకట్టు. ఇంత నీరున్న చోట దాహమంటే ఏ అధికారి నమ్ముతాడు?

చిక్కంతా మండలంలోకి దిగాకే. కాలువ నీరు పల్లానికి పోతుంది తప్ప సగటు చూసుకుని పారదు. మెరక మీది పల్లెలకు బోర్లే దిక్కు. ఆ బోర్లలో ఫ్లోరైడ్. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించితే తాగరాదని మన ప్రమాణాలే చెబుతాయి. పళ్ల మీద గార ఆ లెక్కను ఏ సూచీ కన్నా ముందే చెబుతుంది.

బ్రహ్మనాయుడు కులాలన్నిటినీ కలిపి చాపకూడు పెట్టాడని చెప్పుకునే సీమ ఇది. సగటుదీ చాపకూడు పంక్తే. కాకపోతే తలలన్నీ లెక్కపెడతారు, విస్తళ్లు కొందరికే వేస్తారు.

జిల్లాల వారీగా కొలవడం చేతకాకేమీ కాదు. ఈశాన్య రాష్ట్రాలకు 2021లో నీతి ఆయోగే జిల్లా సూచీ తెచ్చింది. మండలం దాకా దిగితే మాత్రం మార్కులు పడిపోవూ? పరువు గల రాష్ట్రం అంత సాహసం చేయదు.

వెల్దుర్తి వైపు నీళ్లు ఎక్కించే వరికపూడిశెల ఎత్తిపోతలకు రాళ్ల కరువు మాత్రం లేదు. 2023 నవంబర్ 15న మాచర్లలో అప్పటి ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు: 340 కోట్లు, 24,900 ఎకరాలు. అదేమీ తొలి రాయి కాదు. దారిలో పులుల అభయారణ్యం ఉంది, అనుమతులకు ఏళ్లు పట్టింది. పులి జాతీయ జంతువు, దాని గోడు ఢిల్లీ వింటుంది. మండల స్థాయి ప్రాణి మనిషే.

సరిగ్గా పదిహేను రోజులకు, తెలంగాణ పోలింగ్ నాటి తెల్లవారుజామున, ఆంధ్ర పోలీసులు సాగర్ డ్యామ్ మీద 13వ గేటు దాకా స్వాధీనం చేసుకుని కుడి కాలువకు నీళ్లు వదిలారు. రెండు రాష్ట్రాల స్థాయి తగాదా కాబట్టి కేంద్రమూ కదిలింది. అంత బందోబస్తుతో వచ్చిన నీళ్లు కాలువ వెంటే పల్లానికి పోయాయి. వెల్దుర్తికి వాటిని ఎక్కించాల్సిన పంపులు అప్పటికింకా శిలాఫలకం మీదే ఉన్నాయి.