శిథిలాహార శాస్త్రం

వంటకు పాకశాస్త్రం ఉంది, గుర్రాలకు అశ్వశాస్త్రం ఉంది, దొంగలకు సైతం చోరశాస్త్రం ఉందని పెద్దలు చెబుతారు. పాడుబడ్డ చోటు చూద్దామని బయల్దేరి, దాని పక్కన కడుపునిండా తిని, ఫొటోలతో ఇల్లు చేరే విద్యకు మాత్రం ఇంతవరకు శాస్త్రం లేదు. చలికాలం వస్తే అరకు ఘాట్ రోడ్డు నిండా ఆ విద్యార్థులే. ఆ లోటు పూడ్చడానికే ఈ గ్రంథం.

ఏ శాస్త్రానికైనా అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం అనే నాలుగూ ముందే చెప్పాలి. ఇందులో అధికారి ఎవరంటే, తెల్లవారుజామునే లేచి విశాఖలో కిరండూల్ రైలెక్కి, అద్దాల బోగీలో సీటు దొరకలేదని శృంగవరపుకోట దాకా సణిగి, సొరంగం రాగానే అన్నీ మరిచిపోయి పిల్లలతో సమానంగా కేక పెట్టేవాడు. విషయం శిథిలం. సంబంధం అంటే ఆ శిథిలానికీ దగ్గర్లోని పొయ్యికీ మధ్య దూరం. ప్రయోజనం వేరే చెప్పాలా?

ఇక ప్రమాణం. తర్కం చదివేవారికి మొదటి పాఠంలోనే కొండ మీద పొగ కనిపిస్తుంది. పొగ ఉంది కనుక నిప్పు ఉండాలి. నైయాయికులు అంతటితో ఆగిపోయారు. మన అధికారి అనంతగిరి దాటాక పొగను బట్టి నిప్పును, నిప్పును బట్టి వెదురు బొంగును, బొంగును బట్టి అందులోని చికెన్‌ను అనుమానప్రమాణంతో సాధిస్తాడు. మంచును చూసి పొగ అనుకుంటే అది హేత్వాభాస. డిసెంబరు పొద్దుటపూట గాలికొండ దగ్గర ఆశగా కారు ఆపి, దిగి, చేతులు రుద్దుకుంటూ మళ్లీ ఎక్కేవారిలో చాలామంది దీని బాధితులే.

ఉదాహరణ బొర్రా. నిజానికి అది శిథిలం కాదు, సున్నపురాయిలో నీరు తీరిగ్గా చేసిన పని. కానీ అక్కడ పాతరాతియుగపు పనిముట్లు దొరికాయి కాబట్టి ఒకప్పటి కాపురపు ఇల్లే అని మన శాస్త్రం కలిపేసుకుంటుంది. ఆ గుహలను 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ జార్జ్ దొర కనిపెట్టాడని టూరిస్టు రాతలు తరచూ చెబుతుంటాయి. ఆ సంస్థ పుట్టింది 1851లో. ఆఫీసు పుట్టకముందే నలభై నాలుగేళ్లు డ్యూటీ చేసిన ఉద్యోగి ప్రభుత్వ సర్వీసులో మరొకరు ఉండరు. నన్నడిగితే స్థానికులు చెప్పే కథే మేలు. గుహ పైకప్పు కన్నంలోంచి ఆవు జారిపడింది, వెతుక్కుంటూ దిగిన కాపరికి శివలింగం కనిపించింది. అందులో తేదీ లేదు కాబట్టి తప్పూ లేదు.

గుహ బయట అసలు పరిశోధన మొదలవుతుంది. పచ్చి వెదురును ఒకవైపు కణుపు మూసి ఉండేలా నరుకుతారు. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించిన ముక్కలు అందులో కూరి, మూతికి ఆకులు బిగించి, నిప్పుల మీద దొర్లిస్తూ కాలుస్తారు. నూనె చుక్క వేయరు. కోడి తన కొవ్వులో, బొంగు చెమ్మలో తనే ఉడుకుతుంది. బొంగు పచ్చిదే కావాలి, ఎండుదైతే ముక్క ఉడికేలోగా తనే అంటుకుంటుంది. పైన నల్లగా మాడాక ఆకులు లాగి, అడ్డాకులో దులుపుతారు. గుహలో బోర్డు మీది రెండు వాక్యాలు చదవని పెద్దమనిషి ఇక్కడ గొంతుక్కూర్చుని, బొంగు మీది మాడును శాసనంలా అక్షరం అక్షరం చదువుతాడు. (వండిపెట్టే మనిషి మధ్యాహ్నం తాగేది చోడి అంబలి. దాన్ని అడిగి తాగే టూరిస్టు అరుదు.)

చూసినచోటే తినాలనే ఈ సూత్రానికి అపవాదం హుకుంపేట మండలంలోని మత్స్యగుండం. చేపలు కళ్లముందే గుంపులుగా తిరుగుతుంటాయి, అవి దేవుడివని ఎవరూ పట్టరు. ఒడ్డాదిని ఏలిన మత్స్యవంశపు రాజులు తమ మూలపురుషుడు చేప కడుపున పుట్టాడని 1269 నాటి దిబ్బిడ తామ్రశాసనంలో చెప్పుకున్నారు. చరిత్రను వేపుకు తినడానికి వీల్లేని చోటు ఈ కొండల్లో నాకు తెలిసి ఇదొక్కటే.

సిద్ధాంతం తేలాలంటే ఇంకాస్త ముందుకు పోవాలి. అరకు దాటి పాడువా మీదుగా వెళ్తే నందపూర్. జయపురం రాజులు జయపురానికి మారకముందు వారి రాజధాని అదే. విక్రమార్కుడి పేరు తలపించే ముప్పైరెండు మెట్ల రాతి సింహాసనం అక్కడుంది. ఆ దాపునే సుబాయిలో జైన తీర్థంకరుల శిల్పాలు, పాత గుళ్లు. ఇప్పుడు ఒడిశాలోని కోరాపుట్ జిల్లా, 1936 దాకా మన విశాఖపట్నం జిల్లాయే. అరకులో హోటల్ గదులు దొరక్క కార్లలో పడుకునే జనంలో అటు తిరిగే బండ్లెన్ని? కారణం సుస్పష్టం. అక్కడ బొంగు చికెన్ ప్రసిద్ధి కాలేదు. పక్కన పొయ్యి లేని శిథిలం టూరిస్టు కంటికి ఆనదు. తీర్థంకరులు అహింసావాదులు కావడం కూడా ఈ విషయంలో వారికి కలిసిరాలేదు.

కాబట్టి చదువరులకు మనవి. ఈసారి అరకు వెళ్తే ఒక పూట పులిహోర కట్టుకుని సుబాయి వెళ్లండి. గుళ్ల బయట చెట్టుకింద తినండి, విస్తరాకులు వెనక్కి తెచ్చుకోండి. సాయంత్రానికి తిరిగొస్తే బొంగు చికెన్ ఎలాగూ ఉంటుంది.