అప్పుడు అక్కడ ఏమీ లేదుట!

హైదరాబాద్‌లో మాదాపూర్ ఊసెత్తితే చాలు, పక్కనున్న పెద్దమనిషి గొంతు సవరించుకుంటాడు. "మేం వచ్చినప్పుడు ఇక్కడేముందండీ, రాళ్లూ రప్పలూ తప్ప!" 1998 నవంబరులో వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన రోజునే అక్కడ భూమి పుట్టిందనీ, అంతకు ముందు బ్రహ్మదేవుడు ఆ దిక్కు చూడనే లేదనీ ఆయనగారి నమ్మకం.

సరే, రాళ్లనే అడుగుదాం. వాటి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అంత సీనియారిటీని 'ఏమీ లేదు' పద్దులో రాసినాయన, పాతికేళ్ల సర్వీసున్న తనను కంపెనీ ఖాతరు చేయలేదని ఏ మొహంతో అలుగుతాడు?

తర్వాత దుర్గం చెరువు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోట దాహం తీర్చిన నీళ్లవి. 'లేక్ వ్యూ' పేరిట అడుగుకింత అదనంగా గుంజుకునేటప్పుడు ఆ చెరువు నిక్షేపంగా ఉంటుంది. దాని గట్టున మనుషులుండేవారంటే మాత్రం ఎవరికీ కనిపించరు.

ఊళ్ల పేర్లు చూడండి. రాయదుర్గం ఒక్కటి కాదు: పన్‌మక్తా, నవ్‌ఖాల్సా, పైగా. ఆ పక్కనే మణికొండ జాగీర్. మక్తా అంటే ఇంత శిస్తని ఖాయం చేసి ఇచ్చిన నేల, ఖాల్సా సర్కారుది, పైగా నిజాంకు దగ్గరివాళ్లయిన అమీర్లది. ఏమీ లేని చోటును ఇన్ని వాటాలేసుకుని శిస్తు పిండారంటే ఆ దొరలెంత అమాయకులో! 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జొన్న వేసిన రైతు, గొర్రెలు తోలిన గొల్ల, రాయి కొట్టిన వడ్డెర రద్దు కాలేదు. వాళ్లను రద్దు చేయడానికి చట్టం అక్కర్లేదు, ఈ పెద్దమనిషి నోటి మాట చాలు.

ఆ మాటకు గిట్టుబాటు కూడా ఉంది. కొనేటప్పుడు బీడు, అమ్మేటప్పుడు బంగారం. 'ఏమీ లేదు' అంటేనే కదా చవగ్గా చేతికొచ్చేది! 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. ఆ మడిలో ఒకప్పుడు నాగలి పట్టినవాడి పేరు వేలంపాటలో ఎవరూ పిలవలేదు.

తమాషా ఏమిటంటే, ఇదే పెద్దమనిషి ఫ్లాటు కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లన్నీ తెమ్మని బిల్డర్ పీకమీద కూర్చుంటాడు. ఈసీ తీయిస్తాడు, పహాణీ వెతికిస్తాడు. ఖాస్రా పహాణీలో 1954-55 నాటి పట్టాదారు పేరు కనబడేదాకా ఆయనకు నిద్రపట్టదు. కనబడగానే హాయిగా సంతకం చేసి, బాల్కనీలోకొచ్చి, "అప్పుడు ఇక్కడేమీ లేదండీ" అంటాడు.

ఆషాఢం వచ్చింది. వీధిలో బోనాలు కదిలాయి. పోతరాజు కొరడా ఝళిపిస్తున్నాడు. పద్నాలుగో అంతస్తు నుంచి పెద్దమనిషి చెవులు మూసుకుని విసుక్కున్నాడు: "ఈ డప్పులు ఎక్కణ్ణుంచి వచ్చాయండీ?"

ఎక్కణ్ణుంచీ రాలేదు సార్. వచ్చింది మీరే.