ఆసఫ్ జా హార్డ్‌డిస్కు

డేటా సెంటర్లలో వాడే హార్డ్‌డిస్కు వివరాల పత్రం ఒకసారి చదివి చూడండి. బరువు, వేగం, కరెంటు ఖర్చు అన్నీ బుద్ధిగా వరసలో కూర్చుని ఉంటాయి. వాటి మధ్యలో ఎమ్‌టీబీఎఫ్ (వైఫల్యాల మధ్య సగటు సమయం) అని ఒక వరస, పక్కన 25 లక్షల గంటలు. ఏడాదికి 8,760 గంటలు కాబట్టి భాగించి చూస్తే 285 ఏళ్లు. మొదటి నిజాం ఆసఫ్ జా హయాంలో ఒకటి కొని దివాణంలో ఆన్ చేసి ఉంటే, అది పాడయ్యే ఘడియ ఇప్పుడిప్పుడే దగ్గరపడుతూ ఉండాలి. హార్డ్‌డిస్కు అనే వస్తువు లోకంలోకి వచ్చిందే 1956లో, ఐబీఎం వాళ్ల చేతుల మీదుగా. మొన్నమొన్న షష్టిపూర్తి చేసుకున్న జాతికి మూడు శతాబ్దాల జాతకం రాసేశారు.

అదే పత్రంలో ఇంకాస్త కిందికి రండి. వారంటీ 5 ఏళ్లు.

ఈ రెండు అంకెలూ ఒకే కాగితం మీద, ఒకే కంపెనీ ముద్ర కింద, మాటామంతీ లేకుండా కాపురం చేస్తుంటాయి.

శతాబ్దాల ఆయుష్షు తయారుచేయడం ఏమంత కష్టం కాదు. వెయ్యి డిస్కులు పెట్టండి. వెయ్యి గంటలు తిప్పండి, అంటే 41 రోజుల 16 గంటలు. వెయ్యిని వెయ్యితో గుణిస్తే పది లక్షల డిస్కు-గంటలు. ఆ మధ్యలో ఒకటి పోయిందనుకోండి, పది లక్షలను ఒకటితో భాగించండి. వచ్చింది 114 ఏళ్లు! నెలన్నర తిరక్కుండా నిండు నూరేళ్లూ దాటేశాం. పరీక్ష గదిలో వేడి పెంచి, ఆ వేడిలో ఒక గంట మామూలు గంటలు ఇన్నింటికి సమానమని ఒక గుణకం తగిలిస్తే ఆయుష్షు ఇంకా పెరుగుతుంది. మరీ మొహమాటం లేనివాళ్లయితే పరీక్ష కూడా అక్కర్లేదు, విడిభాగాల పట్టిక దగ్గర పెట్టుకుని కూడికలు వేస్తే చాలు.

ఇదే లెక్క మనుషులకి కట్టి చూద్దాం. పాతికేళ్ల కుర్రాళ్లని వెయ్యి మందిని ఏడాదిపాటు గమనించామనుకోండి. ఒకడు పోయాడు, పాపం. వెయ్యి మనిషి-సంవత్సరాలకు ఒక చావు. కాబట్టి మనిషి ఎమ్‌టీబీఎఫ్ వెయ్యేళ్లు. ఈ లెక్కన నన్నయతో కలిసి చదువుకున్నవాళ్లు రాజమండ్రి పెన్షన్ ఆఫీసు ముందు ఇప్పటికీ లైన్లో నిలబడి ఉండాలి. లేరెందుకని? ఈ లెక్కలో ముసలితనం లేదు కాబట్టి. కుర్రాడు పాతికేళ్ల దగ్గరే ఆగిపోయాడు. డిస్కూ అంతే. బేరింగు అరగదు, మోటారు అలిసిపోదు, మొదటి నెలలో ఎలా ఉందో యాభయ్యో ఏట కూడా అలాగే ఉంటుంది. వైఫల్యాల రేటు ఎప్పటికీ మారదని ముందే అనుకుని లెక్క మొదలుపెట్టడం దీని కిటుకు. మార్కండేయుడు అంత తపస్సు చేసి సంపాదించిన వరాన్ని ఇక్కడ ఒక్క ఊహతో ఇచ్చేస్తున్నారు.

పోనీ, ఆ ఊహనే ఒప్పుకుందాం. అప్పుడు కూడా 285 ఏళ్లు గడిచేసరికి నూటికి 63 డిస్కులు పోయి ఉంటాయి. సగటు అన్నారు కదా, సగమైనా అక్కడిదాకా వస్తాయిలే అనుకునే అమాయకుడికి ఈ సంగతి చెప్పే గడి ఆ పత్రంలో లేదు.

సరైన పద్ధతి తెలియక చేస్తున్నారా అంటే అదీ కాదు. స్వీడన్ ఇంజనీరు వాలొడ్డి వైబుల్ 1951లోనే తన సూత్రాన్ని ప్రపంచం ముందు పెట్టాడు. అందులో బీటా అని ఒక అంకె ఉంటుంది. అది ఒకటికి తక్కువైతే పురిట్లోనే పోయే సరుకు, అంటే ఫ్యాక్టరీలో ఏదో తేడా జరిగింది. సరిగ్గా ఒకటైతే ఎప్పుడు పోతుందో దైవాధీనం. ఒకటి దాటితే అరుగుదల మొదలైనట్టు. పాడైన వస్తువుల వయసులూ, ఇంకా పనిచేస్తున్నవాటి వయసులూ రెండూ వేస్తేనే ఆ అంకె సరిగ్గా బయటపడుతుంది. ఎమ్‌టీబీఎఫ్ పూజారులు మాత్రం బీటా ఒకటేనని పరీక్షకు ముందే తీర్పు రాసేసి కూర్చుంటారు. బేరింగులు చేసేవాళ్లు వీళ్లకంటే ఎంతో నయం. వాళ్లు ఎల్10 అంటారు, నూటికి పది పోయే సమయం. తొంభై ఇంకా తిరుగుతుండగానే లెక్క ఆపేసేంత నిజాయితీ ఆ పాత ఇనుప వ్యాపారంలో ఉంది.

2007లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి బియాంకా ష్రోడర్, గార్త్ గిబ్సన్ సుమారు లక్ష డిస్కుల చరిత్ర తిరగేశారు. కంపెనీల పత్రాల ప్రకారం ఏడాదికి పోవలసినవి మహా అయితే 0.88 శాతం. నిజంగా మార్చవలసి వచ్చినవి చాలాచోట్ల రెండు నుంచి నాలుగు శాతం, కొన్నిచోట్ల పదమూడు దాకా. పైగా వయసుతోపాటు ఆ రేటు పెరుగుతూ పోయింది. తిరిగొచ్చిన డిస్కుల్లో చాలావాటికి అసలు జబ్బే లేదని కంపెనీల వాదన. ఉండవచ్చు. కానీ పనిచేయడం లేదని విప్పి పక్కన పడేసినవాడికి ఆ వాదనతో ఏం ఒరుగుతుంది?

మన ఇంటి ఎల్ఈడీ బల్బు సంగతి ఇంతకంటే రసవత్తరం. డబ్బా మీద 25,000 గంటలని ఉంటుంది. రోజుకి నాలుగు గంటలు వేసుకుంటే 17 ఏళ్లు. ఈ అంకె వెనక ఉన్న ఎల్ఎమ్-80 పరీక్షలో ఎల్ఈడీలను కనీసం 6,000 గంటలు వెలిగిస్తారు, అంటే 250 రోజులు. వెలుగు మొదట ఉన్నదాంట్లో 70 శాతానికి ఎప్పుడు పడిపోతుందో గీత పొడిగించి చెబుతారు. పరీక్షించిన కాలానికి ఆరు రెట్ల కంటే ముందుకు పొడిగించకూడదని నిబంధన పెట్టారు, ఆ మాత్రం సిగ్గుంది. కానీ ఆ పరీక్షలో ఉన్నది ఎల్ఈడీ ఒక్కటే. మన బల్బు చచ్చేది మెడలో ఉన్న డ్రైవర్ బోర్డు వల్ల, అందులోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ వల్ల. వేడి పది డిగ్రీలు పెరిగితే కెపాసిటర్ ఆయుష్షు సగమవుతుందని ఇంజనీర్ల మోటు లెక్క. దాన్ని గాలి ఆడని గాజు డోములో బిగించి, మే నెల రెంటచింతలలో వెలిగించి, మధ్యమధ్య వోల్టేజీ ఎగుడుదిగుళ్లు చూపిస్తే అది డబ్బా మీద అంకెను చదువుకుని ఓపిక పడుతుందా? గుండెపోటుతో పోయినవాడి పళ్లు మాత్రం గట్టిగా ఉన్నాయని సర్టిఫికెట్ ఇచ్చినట్టుంది ఈ వ్యవహారం.

ఈ మొత్తం రంగంలో నాకు గౌరవం ఉన్నది కరెంటు సామాన్ల షాపువాడి మీద. బల్బు అమ్మేటప్పుడు దాని మెడ మీద మార్కర్ పెన్నుతో తేదీ రాస్తాడు. తిరిగొచ్చినప్పుడు ఆ తేదీ చూసి, వేళ్ల మీద నెలలు లెక్కపెట్టి, మార్చి ఇస్తాడు లేదా పెదవి విరుస్తాడు. పుట్టిన తేదీ, పోయిన తేదీ రెండూ అతని దగ్గర ఉన్నాయి. ఏ కంపెనీ బల్బు ఎక్కువగా వెనక్కి వస్తుందో అడగండి, పుస్తకం చూడకుండా చెబుతాడు. తిరిగిరాని బల్బులు ఇంకా వెలుగుతున్నాయో, వారంటీ దాటి చెత్తబుట్టలో పడ్డాయో అతనికి తెలియదు. తెలుసని ఏ డబ్బా మీదా రాయడు కూడా. అదే కంపెనీ ప్రచారం చేతిలో పడితే, వారంటీ ముగిశాక ఒక్క ఫిర్యాదూ రాలేదు కాబట్టి రెండేళ్లు దాటిన బల్బు అమరమని కూడా తేల్చేయగలరు.

ఎమ్‌టీబీఎఫ్ అనేది ఒక్క డిస్కు ఆయుష్షు కాదనీ, వేల డిస్కుల గుంపుకు సంబంధించిన లెక్క అనీ పండితులు సర్దిచెబుతారు. నిజమే. 25 లక్షల గంటలంటే ఏడాదికి వెయ్యింట మూడో నాలుగో పోతాయని అర్థం. కొందరు 0.35 శాతం అని పక్కనే వేస్తారు కూడా. మరి అది ఒక్కటీ వేసి ఊరుకోవచ్చు కదా, ఈ లక్షల గంటల ఆర్భాటం ఎవరి కోసం? ఆ 0.35 అయినా నిలుస్తుందా? బ్యాక్‌బ్లేజ్ అనే అమెరికా కంపెనీ 2013 నుంచి తన దగ్గరున్న డిస్కుల రోజువారీ లెక్కలు రాసి బయటపెడుతోంది. ఈ మధ్య సంవత్సరాల్లో అక్కడ పోతున్నవి నూటికి ఒకటీ రెండూ. ఇంత బహిరంగంగా చెప్పినా ఆకాశం కూలలేదు, డిస్కుల అమ్మకాలు ఆగలేదు.

అసలు లెక్క కంపెనీలకు తెలియదనుకుంటే పొరపాటు. అమ్మిన సరుకులో ఎంత తిరిగొస్తుందో అంచనా వేసి, ఆ ఖర్చుకు ముందే డబ్బు పక్కన పెట్టి చూపించాలి. మన దేశంలో ఇండ్ ఏఎస్ 37 అనే అకౌంటింగ్ ప్రమాణం చెప్పేది అదే. ఆ డబ్బు తేల్చేటప్పుడు ఎమ్‌టీబీఎఫ్‌ను ఎవరూ గుమ్మం లోపలికి రానివ్వరు. ఏ నెల సరుకు ఎంత పోయింది, ఎంత వయసులో పోయింది, ఇంకా ఎంత బతికి ఉంది అన్నీ బల్ల మీదికి వస్తాయి, వైబుల్ కాగితం బయటికి తీస్తారు. ఆడిటర్ ఎదురుగా కూర్చుని 285 ఏళ్లని చెబితే ఆయన కళ్లద్దాలు తీసి ఒకసారి చూస్తాడు, అంతే. ఆయనకు చూపించే ఆ కాగితానికి ఒక జిరాక్స్ తీసి డబ్బాలో వేయండి. ఆసఫ్ జాను మీ దగ్గరే ఉంచుకోండి.