‘ఓ స్ట్రాంగూ, ఓ మామూలూ’: సవ్యాఖ్యానం

మూలం:
అబ్బాయ్! ఓ స్ట్రాంగూ, ఓ మామూలూ. మామూల్లో పంచదార తగ్గించు.

అవతారిక: యానాంలో గోదావరి గట్టున కొట్టు ముందు పొద్దున్నే వినబడే వాక్యమిది. ఊరి చుట్టూ ఆంధ్ర, ఏలుబడి పుదుచ్చేరిది. పెట్రోలు చవకని ఎదుర్లంక వంతెన దాటి వచ్చేవాళ్లకు కాఫీ ధరలో మాత్రం రాయితీ లేదు.

ప్రతిపదార్థం: అబ్బాయ్ = ఓ కొట్టు యజమానీ (అరవై దాటినవాడైనా సరే); ఓ స్ట్రాంగూ = డికాషను హెచ్చుగానూ పాలు తగ్గుగానూ గల కాఫీ ఒకటియు; ఓ మామూలూ = దీని అర్థం కింద విచారింపబడును; మామూల్లో = అట్టి దానియందు; పంచదార తగ్గించు = సులభము. ‘ఇమ్ము’ అనే క్రియ అధ్యాహార్యం. డబ్బులెవరిస్తారన్నదీ అధ్యాహార్యమే.

తాత్పర్యం: ఇద్దరొచ్చారు, రెండు కాఫీలు కావాలి.

విశేషం: ‘మామూలు’ దగ్గరే వ్యాఖ్యాతలకు తగువు. యానాంలో మామూలంటే చిక్కటి గేదె పాలు, చికోరీ కలిసిన డికాషను, అడక్కుండానే పడే పంచదార. పుదుచ్చేరి నుంచి ఎనిమిది వందల పైచిలుకు కిలోమీటర్లు బదిలీ మీద వచ్చిన ఉద్యోగికి మామూలంటే డబరా, టంబ్లరు, పైన నురగ. ఆయన సంతకం ఇక్కడ చెల్లుతుంది గాని ఆయన మామూలు చెల్లదు.

అమెరికాలోనూ ఇదే పేచీ. బోస్టన్ వైపు పాత కొట్లలో ‘రెగ్యులర్’ అంటే మీగడో పాలో పోసి, పంచదార వేసే ఇస్తారు. అదే మాట మరో రాష్ట్రంలో అంటే నల్ల కాఫీ చేతిలో పెట్టవచ్చు. రోడ్ ఐలండ్ వారైతే చల్లటి పాలలో కాఫీ పానకం కలుపుకుని, దాన్నే 1993లో రాష్ట్ర పానీయంగా ప్రకటించుకున్నారు.

పూర్వపక్షం: న్యూ ఆర్లియన్స్‌లో చికోరీ కాఫీలో వేడి పాలు పోసుకు తాగుతారు. అది 1718లో ఫ్రెంచివారు కట్టిన ఊరు. నెపోలియన్ కాలంలో ఓడల రాక ఆగి కాఫీ కరువైనప్పుడు ఫ్రాన్సులో చికోరీ వాడకం బలపడింది. యానాం కూడా 1954 దాకా వారిదే. కనుక మన గ్లాసులో చికోరీ ఫ్రెంచివారి పుణ్యం.

సిద్ధాంతం: కాదు. ఇంగ్లీషువారు ఏలిన కాకినాడ, రాజమండ్రి గ్లాసుల్లోనూ ఇదే చికోరీ. మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గరాదని చట్టం. తక్కిందంతా చికోరీ కావచ్చు. చవక, చిక్కటి రంగు అనే రెండు హేతువులుండగా నెపోలియన్‌ను కబురెట్టి పిలవనక్కర్లేదు.

ఇంతకూ తూర్పు గోదావరి మన్యంలో, పాములేరు లోయలో, బ్రోడీ అనే దొర 1898లోనే కాఫీ మొక్కలు వేయించాడు. ఇటు 2017లో అరకు కాఫీ ఏకంగా పారిస్‌లో కొట్టు తెరిచింది. మన్యం గింజ ఫ్రెంచివారికి, చికోరీ పొడి మనకు! దీన్ని ఆలంకారికులు ఏ అలంకారమంటారో గాని, గోదావరివాళ్లు వెటకారమంటారు.

శంక: మామూలని చెప్పి, వెంటనే పంచదార తగ్గించమనడం వదతోవ్యాఘాతం కాదా?

సమాధానం: కాదు. మామూలు ఉత్సర్గం, తగ్గింపు అపవాదం. షుగరు పరీక్ష కాగితం అందుకు ప్రమాణం.

పాఠాంతరం: కొందరి నోట ‘పంచదార వద్దు’ అని ఉంది. అదే సాధుపాఠం. ‘తగ్గించు’ అంటే కొట్లో ఏమీ తగ్గదు. ‘వద్దు’ అంటే కాస్త తగ్గుతుంది. తక్కువ కావలసిన పాఠకులు వద్దనే చెప్పండి.