పెద్దమ్మ దగ్గు

మైపాడు పక్క ఒక రొయ్యల షెడ్డులో నేను కొన్నేళ్లు సూపర్‌వైజరుగా చేశాను. అప్పట్లో నా తలకాయ నిండా రొయ్యే. గుంతలో పట్టుబడి ఎన్నింటికి అయింది, ఐసు ఎంత వేశారు, కిలోకు కౌంటు ముప్పయ్యా నలభయ్యా, సరుకు ఉష్ణోగ్రత 4 డిగ్రీలు దాటిందా, నల్లమచ్చ కనపడిందా, అన్నీ పుస్తకంలో రాసేవాణ్ని. ఆ రొయ్యల్ని ఒలిచే మనుషులకు ఆ పుస్తకంలో ఉన్నవి మూడే గడులు: హాజరు, కిలోలు, కూలి. ఇంకొకటి ఉండాలని నాకు తోచనైనా లేదు.

మా తీరంలో మొదట టైగర్ రొయ్య ఉండింది. 1990లలో తెల్లమచ్చ తెగులు దాన్ని ఊడ్చిపెట్టింది. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక గుంతలు దానితో నిండాయి. రొయ్య మారింది గానీ దాన్ని ఒలిచేది ఇప్పటికీ ఆడవాళ్లే. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, విడవలూరు పక్క ఊళ్ల నుంచి తెల్లవారకముందే ఆటోలెక్కి వస్తారు. బల్లల దగ్గర ఐసునీళ్ల ముందు నిలబడి తల తుంచి, పొట్టు లాగి, నరం తీసి ట్రేలో వేస్తారు. మళ్లీ మళ్లీ అదే.

వాళ్ల చేతులు నేను రోజూ చూసేవాణ్ని. వేళ్ల సందుల్లో చర్మం నాని పాలిపోయి పొరలు లేచి ఉండేది. గోళ్ల మొదళ్లు ఉబ్బి ఎర్రగా, నొక్కితే చీము. రొయ్య తలమీది ముల్లు దిగినచోట నల్లటి చుక్కలు. ఒకామె, పాతికేళ్లు ఉంటాయేమో, "కూరలో చెయ్యి పెట్టలేకపోతన్నా సార్, కారం తగిలితే ప్రాణం పోతంది" అంది. కొబ్బరినూనె రాసుకోమ్మా అన్నాను. అది ఆమె ఇంటి సంగతనీ, మందుతో పోయేదనీ నా లెక్క. ఆ చేతుల్ని అలా చేసింది నేను నడిపే బల్లేనని అనుకోలేదు.

తర్వాత ఎవరో చెబితే పల్చటి చేతి తొడుగులు తెప్పించాను. గొప్ప మేలు చేశాననుకున్నాను. ముల్లు తగిలి గంట తిరక్కుండానే చిల్లులు పడేవి. క్లోరిన్ కలిపిన ఆ ఐసునీళ్లు లోపలికి దూరి అక్కడే నిలిచేవి. కూలి కిలో లెక్కన కదా, తొడుగు మార్చుకోను ఆగితే ట్రే వెనకబడుద్ది. అందుకని ఎవరూ ఆగేవాళ్లు కాదు. చెయ్యి ఆ మురికినీళ్లలోనే ఊరేది. రోజుకు 2 గంటలకు మించి చేతులు తడిలో ఉండే పనిని జర్మనీ నిబంధనలు చర్మానికి ముప్పున్న పనిగా లెక్కగడతాయి. మా బల్లల దగ్గర 2 గంటలంటే టీ వేళ కూడా కాదు.

చేతుల కంటే పెద్ద తప్పు, పెద్దమ్మ అని మేం పిలిచే ఒకామె విషయంలో చేశాను. ఆమె బల్ల సోడియం మెటాబైసల్ఫైట్ కలిపే తొట్టి పక్కన ఉండేది. రొయ్య నల్లబడకుండా ఆ పొడిని నీళ్లలో కలిపి ముంచుతారు. కలిపేటప్పుడు సల్ఫర్ డయాక్సైడ్ లేస్తుంది. ముక్కు మండుతుంది, గొంతు పట్టేస్తుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఊపిరే ఆడదు. ఈగలు వస్తాయని మేము తలుపులు మూసి కలిపేవాళ్లం. ఆ మూయించింది నేనే. పెద్దమ్మకు దగ్గు మొదలైంది. చలికి పడిశం పట్టింది, మిరియాల కషాయం తాగు పెద్దమ్మా అన్నాను. సంక్రాంతి సెలవులయ్యాక వచ్చి ఆమే చెప్పింది: "పండక్కి ఇంటికాడ ఉన్నన్నాళ్లూ ఒక్కసారన్నా దగ్గలేదు నాయనా. ఈడికొచ్చి నిలబడంగానే మళ్లీ పట్టుకునింది."

జబ్బు ఎక్కడిదో ఆ మాటలోనే ఉంది. పనికి దూరమైతే తగ్గి, పనిలోకొస్తే తిరగబెట్టే ఆయాసం, దగ్గు పని వల్ల వచ్చినవేమోనని అనుమానించాలి. డాక్టర్లు మొట్టమొదట పట్టుకునే గుర్తు అదే. చదువు లేని మనిషి తన ఒంటిని గమనించి నాకు అందించింది. నేను నవ్వి, పండగ భోజనం పడినట్టుంది పెద్దమ్మా అన్నాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

చివరికి నెల్లూరులో ఒక డాక్టరు ఆమెను అడిగిన మొదటి ప్రశ్న, "ఏం పని చేస్తావమ్మా?" ఇటలీలో రామజ్జీని అనే వైద్యుడు 1700లోనే వృత్తుల జబ్బుల మీద పుస్తకం రాసి, రోగిని తప్పకుండా అడగాల్సిన ప్రశ్నగా దాన్ని చేర్చాడు. రొయ్యలు, ఎండ్రకాయల మాంసకృత్తులు తుంపర్లలో కలిసి ఊపిరితిత్తుల్లోకి వెళ్లినా ఉబ్బసం రావచ్చని కూడా ఆ డాక్టరే నాకు చెప్పాడు. కెనడాలో ఎండ్రకాయల ఫ్యాక్టరీల కార్మికుల్లో దీన్ని గుర్తించిన అధ్యయనం 1984లోనే వచ్చింది. గూడూరు, సైదాపురం పక్క అభ్రకం, పలుగురాయి దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేస్తుందని మాకందరికీ తెలుసు. దుమ్ము కంటికి కనపడుతుంది. తడి షెడ్డులో కూడా గాలి చెడుతుందని నేను నమ్మలేదు.

ఆ తర్వాత తొట్టిని బయట పందిరి కిందికి, గాలివాలు చూసి మార్పించాను. ఈగలకు తలుపులు మూసే బదులు వల కొట్టించాను. బల్లల దగ్గరివాళ్లను వంతుల మీద పొడి పనికి పంపాను, తుడుచుకోను పొడి గుడ్డలు పెట్టాను. ముప్పును తీసెయ్యగలమా అని ముందు చూడాలి, కుదరకపోతే మనిషికి దూరం చెయ్యాలి, ఆనక పని పద్ధతి మార్చాలి. తొడుగు అన్నిటికంటే చివరిది. నేను చివరిదాన్ని మొదట పట్టుకుని, బాధ్యత తీరిందనుకున్నాను.

పెద్దమ్మకు ఇవేవీ అందలేదు. అప్పటికే పని మానేసింది, మెట్లెక్కితే ఆయాసపడుతుంది. చట్టం లేక కాదు. రసాయనాల వల్ల చేతులకు వచ్చేలాంటి చర్మవ్యాధి 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులోని జబ్బుల జాబితాలోనే ఉండేది. అలాంటి జబ్బును చూసిన డాక్టరు అధికారులకు తెలపాలని కూడా ఆ చట్టం చెప్పింది. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ నిర్ణీత వర్గాల కార్మికులకు ఏటా ఉచిత వైద్యపరీక్ష చేయించాలంటోంది. అయితే కాగితం ఉంటేనే చట్టం పలుకుతుంది. ఆమె దగ్గును నేను ఎక్కడా రాయలేదు. అందువల్ల ఆమె జబ్బుకూ మా షెడ్డుకూ సంబంధం ఉందని చూపే ముక్క ఒక్కటీ లేదు.

షెడ్డుల్లో పనిచేసే అమ్మలకు, అక్కలకు ఒక మాట. ఆస్పత్రికి పోతే జబ్బుతోపాటు మీ పని కూడా చెప్పండి, ఏ పొడి కలుపుతారో, సెలవురోజున ఎట్లా ఉంటుందో చెప్పండి. డాక్టరు చీటీ మీద ఆ పని పేరు రాయించుకోండి. సూపర్‌వైజర్లారా, వాళ్లు చెప్పిన రోజే తేదీ వేసి రాసిపెట్టండి.